సీటు వచ్చేదాకా సైకాలజీయా?

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం తల్లిదండ్రులు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘విద్యార్థులు - మానసిక ఆరోగ్యం’. ఇంటి దగ్గర కాగితాల మీద అంతా రాసుకుని తెచ్చుకున్నాను. కానీ రాత్రి భోజనాల దగ్గర నలుగురు తల్లిదండ్రులు విడివిడిగా వచ్చి ఒకే ప్రశ్న అడిగారు. “మా పాపకి నీట్‌లో ఈసారి కూడా సీటు రాలేదమ్మా. సీటు వచ్చేదాకా సైకాలజీలో చేరమంటున్నారు. చేర్చమంటావా?” ఆ కాగితాలు పక్కన పెట్టి దీని గురించే మాట్లాడతానంటే కార్యదర్శి గారు సరేనన్నారు.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. 1991లో ఇక్కడ పదో తరగతి పూర్తిచేసి, బైపీసీ చదివి, ఎంసెట్ రెండుసార్లు రాసి, సీటు రాక ఇటు వచ్చినదాన్ని. కాబట్టి ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. కాకపోతే అందులో ‘వచ్చేదాకా’ అనే మాట ఒకటుంది చూశారూ, అది నాకు ఎప్పుడూ గుచ్చుకుంటుంది. బస్సు వచ్చేదాకా అరుగు మీద కూర్చున్నట్టు ఒక డిగ్రీలో కూర్చోవచ్చా? కూర్చుంటే బస్సెక్కేవాళ్లు ఎందరు, ఆ అరుగు మీదే మిగిలేవాళ్లు ఎందరు?

ముందు లెక్క చెప్తాను. 2024లో నీట్ రాసినవాళ్లు 23 లక్షల పైచిలుకు. అర్హత సాధించారని ప్రకటించింది సుమారు 13 లక్షల మందిని. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కొంచెం పైన, వాటిలో ప్రభుత్వ కళాశాలల్లోవి దాదాపు సగం. అంటే ‘మావాడు క్వాలిఫై అయ్యాడు’ అని మిఠాయి పంచిన ఇళ్లలో చాలా వాటికి ఆ కబురు వల్ల సీటు రాదు. ఇది తప్పెవరిదన్న చర్చ కాదు, భాగహారం.

ఇంకో చిక్కు తేదీలది. నీట్ మే నెలలో, ఫలితాలు జూన్‌లో. తర్వాత అఖిల భారత కోటా, మన ఆరోగ్య విశ్వవిద్యాలయం వారి కౌన్సెలింగ్, వెబ్ ఆప్షన్లు, ఒక విడత, రెండో విడత, మాప్-అప్, ఆఖరున మిగిలిపోయిన సీట్ల విడత. ఇవన్నీ అయ్యేసరికి దసరా దాటుతుంది, ఒక్కోసారి దీపావళి కూడా. డిగ్రీ కళాశాలల ప్రవేశాలు అప్పటిదాకా ఆగవు. అందుకని పిల్ల ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ పెట్టక తప్పదు. చాలామంది డిగ్రీలో చేరడానికి భయపడేది, ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ వాళ్లు పట్టుకుంటే మెడికల్ సీటు వచ్చినప్పుడు ఇవ్వరేమోనని. పరిశీలించి తిరిగి ఇచ్చెయ్యాలే తప్ప ఒరిజినల్స్ అట్టే పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ కాగితం ఒక కాపీ దగ్గర పెట్టుకుని వెళ్లండి. మాట్లాడే తీరు మారుతుంది.

ఇప్పుడు సైకాలజీయే ఎందుకంటున్నారో చూద్దాం. ఇక్కడ ఒక గందరగోళం ఉంది. అది అమెరికా నుంచి వచ్చింది. ఈ సభలోనే ఎన్నారై బ్యాచ్‌మేట్లు ఉన్నారు, కోప్పడరనుకుంటాను. “మా అన్నయ్య కూతురు అక్కడ సైకాలజీ చదివి డాక్టరయింది” అని ఎవరో అంటారు. నిజమే. అక్కడ ఇంటర్ అవగానే వైద్యవిద్య ఉండదు. మామూలుగా ముందు నాలుగేళ్ల డిగ్రీ, తర్వాత మెడికల్ స్కూలు. ఆ డిగ్రీ ఏ సబ్జెక్టయినా కావచ్చు, బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ లాంటి కావలసిన కోర్సులు అందులో పూర్తిచేసి ఉంటే చాలు. పైగా ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్షలో 2015 నుంచి నాలుగు భాగాల్లో ఒక భాగం ప్రధానంగా సైకాలజీ, సోషియాలజీలదే. దరఖాస్తు పెట్టాక సీటు ఖాయం కావడానికి ఏడాది దగ్గర పడుతుంది కాబట్టి ఆ ఖాళీలో పిల్లలు ఉద్యోగం చేస్తారు. డాక్టరు పక్కన కూర్చుని కేసు షీటు రాసే స్క్రైబు పని, అంబులెన్సులో ఈఎంటీ పని, పరిశోధనల్లో రోగుల వివరాలు చూసుకునే కోఆర్డినేటరు పని. ఆటిజం ఉన్న పిల్లలతో రోజూ కూర్చునే బిహేవియర్ టెక్నీషియన్ పని ఒకటుంది, దాని శిక్షణ 40 గంటలే. సైకాలజీ చదివినవాళ్లు దానికి ఎక్కువ వెళ్తారు. ఆ అనుభవాన్ని ఇంటర్వ్యూలో అడుగుతారు. అంటే అక్కడ డిగ్రీ కూడా, ఖాళీ ఏడాది కూడా సీటుకి మెట్లే.

మన దగ్గర అలా కాదు. నీట్‌కి చూసేది ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉన్నాయా అని. తర్వాత 720కి ఎన్ని మార్కులని. సైకాలజీలో మీ అమ్మాయికి బంగారు పతకం వచ్చినా నీట్‌లో ఒక్క మార్కు కలవదు. అలాగని అడ్డమూ రాదు. పై వయసు పరిమితి 2022లో తీసేశారు, ఇన్నిసార్లే రాయాలన్న లెక్క లేదు. డిగ్రీ చదువుతూనో, అయిపోయాకో రాసుకోవచ్చు. ఇదే పెద్ద సదుపాయం అనుకుంటారు. నాకు మాత్రం ఇదే పెద్ద ఊబి అనిపిస్తుంది. ఎవరూ ‘ఇక చాలు’ అనని పరీక్షకి ఆ మాట మనమే అనుకోవాలి.

సీటుకి మెట్టు కాకపోతే సైకాలజీ దేనికి? దానికదే ఒక వృత్తికి దారి గనక. ఆ దారి ఎలా ఉంటుందో ముందే తెలిసి చేరమంటాను. ఈ శాస్త్రం మన నేలకి నిన్న మొన్న వచ్చింది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కోనేరు రామకృష్ణారావు గారు 1967లో సైకాలజీ, పారాసైకాలజీ శాఖ మొదలుపెట్టారు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మానసిక వైకల్యం ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ 1984 నుంచి ఉంది. ఇప్పుడు దాని పేరు ఎన్ఐఈపీఐడీ. బెంగళూరు నిమ్‌హాన్స్ సంగతి మీకు తెలిసిందే.

సైకాలజీ అంటే ఎదుటివాళ్ల మనసు చదవడం అనుకుని చేరేవాళ్లు మొదటి సెమిస్టర్‌లోనే బెంబేలెత్తుతారు. అందులో స్టాటిస్టిక్స్ ఉంటుంది. జ్ఞాపకం, గ్రహణం, పిల్లల ఎదుగుదల, మెదడు నిర్మాణం, ప్రయోగాలు, రికార్డులు ఉంటాయి. బైపీసీ పిల్లలకి మెదడు, నాడుల పాఠం తేలిగ్గా ఎక్కుతుంది, లెక్కలు వదిలేశాం అనుకున్నవాళ్లకి స్టాటిస్టిక్స్ దగ్గర చెమటలు పడతాయి. సిలబస్ చదివి చేరండి. వీడియోలు చూసి కాదు.

డిగ్రీ చేతికి రాగానే బోర్డు కట్టి వైద్యం చేస్తామంటే కుదరదు. క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన చదువుండాలి, ఆ మండలి రిజిస్టర్‌లో పేరుండాలి. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం కూడా ఇదే చెప్తుంది. మా కాలం లెక్క మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల పీజీ, రెండేళ్లు ఆసుపత్రిలో ఉండి చేసే ఎం.ఫిల్. మొత్తం ఏడేళ్లు. ఇప్పుడు ఎం.ఫిల్. అన్న పేరే పోతోంది, దాని స్థానంలో ఆర్‌సీఐ వేరే కోర్సులు తెస్తోంది. కాబట్టి ఏ కాలేజీ వాళ్లు ఏం చెప్పినా డబ్బు కట్టేముందు ఆర్‌సీఐ జాబితాలో ఆ కాలేజీ, ఆ కోర్సు, ఆ సంవత్సరం ఉన్నాయో లేదో మీ కళ్లతో చూసుకోండి. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు, సైకియాట్రీ ఎండీ ఇంకో మూడేళ్లు. మందు రాసేది వాళ్లు, మేం రాయం. ఏడేళ్లెక్కడ, ఎనిమిదిన్నరేళ్లెక్కడ, తేడా ఎంతో మీరే చూడండి. ‘డాక్టరు కాకపోతే ఏదో చిన్నది’ అనుకుని వచ్చేవాళ్లకి ఈ అంకె చెప్తే ముఖం మారుతుంది.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. లాంగ్ టర్మ్ హాస్టల్లో ఉంటూ, దూరవిద్యలో సైకాలజీకి డబ్బు కట్టి, పరీక్షలప్పుడు వెళ్లి రాసి రావడం మన జిల్లాల్లో మామూలైపోయింది. ఇకమీదట ఆ దారి లేదు. 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలోగాని ఆన్‌లైన్లోగాని చెప్పకూడదని యూజీసీ ఆదేశించింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి ఈ సబ్జెక్టు రావడమే కారణం. ఎవరైనా ‘మేం సర్దుతాం’ అంటే అక్కణ్ణించి లేచి వచ్చెయ్యండి. నన్నడిగితే ఆ ఆదేశం మంచిదే. ఒక మనిషి ఎదురుగా కూర్చోకుండా నేర్చుకునే చదువు కాదిది.

మా ఆసుపత్రికి మూడేళ్ల కిందట ఒకమ్మాయి వచ్చింది. రోగిగా కాదు, పని నేర్చుకుంటానని. రెండుసార్లు నీట్ రాసి, పట్నంలో రెగ్యులర్ కాలేజీలో సైకాలజీ డిగ్రీలో చేరింది. మూడోసారి కూడా రాస్తానంది. వేసవి సెలవులు ఆరు వారాలు ఉండమన్నాను, జీతం ఏమీ లేదు. నేనిచ్చిన పని చాలా చిన్నది. ఓపీ బయట బెంచీల మీద ఉన్నవాళ్ల దగ్గర కూర్చుని, పేరు, ఊరు, ఎప్పట్నుంచి, ఎవరు తీసుకొచ్చారు, ఇంతకుముందు ఎవరికి చూపించారు అని రాయడం. మొదటి రోజు పది నిమిషాలకొకరిని ముగించింది. చదివితే అన్నీ ఒకేలా ఉన్నాయి: నిద్ర లేదు, తలనొప్పి, భయం. రెండో వారంలో ఒక ముసలావిడ దగ్గర గంటన్నర కూర్చుంది. కొడుకు గల్ఫ్ వెళ్లాక మొదలైందని ఆవిడ చెప్పిందిట. అంతకుముందు నలుగురు డాక్టర్లు రాసిన కాగితాల్లో ఆ మాట లేదు.

సదరం క్యాంపుల రోజుల్లో ఇంకోరకం పని. పింఛను కోసం, సర్టిఫికెట్ కోసం తల్లులు పిల్లల్ని చంకనేసుకుని తెల్లవారుజామున బస్సెక్కి వస్తారు. మానసిక ఎదుగుదల ఎంతుందో తేల్చాలంటే బినే-కామత్ పరీక్ష ఉంది, పిల్లవాడు తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో తల్లిని అడిగి లెక్కకట్టే వైన్‌లాండ్ స్కేలు ఉంది. పరీక్ష చెయ్యాల్సింది మేం. ఆ అమ్మాయి పని పిల్లవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టడం. వినడానికి నవ్వొస్తుంది. నాలుగు గంటలు ప్రయాణం చేసి, ఆకలితో, కొత్త మనుషుల్ని చూసి ఏడుస్తున్న ఆరేళ్లవాణ్ణి కూర్చోబెట్టి రెండు చెక్క దిమ్మలు ఒకదానిమీద ఒకటి పెట్టించడం నేర్చుకుంటే సగం వృత్తి వచ్చినట్టే. పరీక్ష సరిగ్గా జరగకపోతే వాడికి రాని అంకె కాగితం మీద పడుతుంది, అది వాడి పింఛనూ, బడీ తేలుస్తుంది.

ఆ మే నెలలో మూడోసారి నీట్ రాసి వచ్చాకే ఇదంతా. జూన్‌లో మార్కులు చూసుకుంది, మునుపటికంటే పెరిగాయి, సీటుకి చాలవు. నాన్నగారు నాకు ఫోన్ చేశారు. “ఇంకొక్క ఏడు కూర్చుంటే వచ్చేస్తుందంటున్నారమ్మా కోచింగ్ వాళ్లు” అన్నారు. ఆయన అరెకరం అప్పటికే అమ్మారు. నేను ‘మాన్పించండి’ అనలేదు, ‘రాయించండి’ అనలేదు. మీ అమ్మాయికి డాక్టరు పనిలో ఏది కావాలో ఒకసారి అడగండి అన్నాను. రోగి పక్కన కూర్చోవడమా, ఆపరేషన్ చెయ్యడమా, పేరు ముందు ఆ రెండక్షరాలా? ఏదయినా తప్పు లేదు, కానీ మొదటిది కావలసినవాళ్లకి ఇంకో తలుపుంది. మిగతా రెండిటికీ లేదు, వాళ్లు మళ్లీ రాయాల్సిందే. ఆ పిల్ల మొదటిదే అందిట. ఇప్పుడు ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతోంది. క్లినికల్ కోర్సు ప్రవేశ పరీక్షకి తయారవుతోంది. ఆ సీట్లూ దేశమంతా కలిపి తక్కువే, రాకపోవచ్చు కూడా. రాకపోతే ఏం చెయ్యాలో ఈసారి తను ముందే రాసి పెట్టుకుంది.

అదే కాలేజీ నుంచి వచ్చిన ఒకబ్బాయికి డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా చిట్టచివరి విడతలో ఎంబీబీఎస్ సీటొచ్చింది, వెళ్లిపోయాడు. చదివిన రెండేళ్లు వృథా అని వాళ్లింట్లో అనుకున్నారు. వాడు అనుకోవట్లేదు.

సరే, పీజీ దాకా వెళ్లలేని ఇళ్లుంటాయి. డిగ్రీతోనే సంపాదన మొదలుపెట్టాలంటే ఏముంది? ఉన్నవి ఉన్నట్టు చెప్తాను. ఆటిజం, ఎదుగుదల లోపాలున్న పిల్లల థెరపీ కేంద్రాల్లో సహాయకులుగా తీసుకుంటారు. అక్కడ పనిచేస్తూ ప్రత్యేక విద్యలో ఆర్‌సీఐ గుర్తింపున్న కోర్సు చేస్తే స్థిరమైన ఉద్యోగం దొరుకుతుంది, ఎందుకంటే ఆ టీచర్లు చాలినంతమంది లేరు. మద్యం మాన్పించే కేంద్రాలు, హెచ్ఐవీ పరీక్షా కేంద్రాలు, మహిళల సఖి కేంద్రాలు, ఇలాంటి చోట్ల కౌన్సెలర్ పోస్టులకి సైకాలజీ, సోషల్ వర్క్ చదివినవాళ్లను చూస్తారు. కొన్నిటికి పీజీ గాని, అనుభవం గాని అడుగుతారు, నోటిఫికేషన్ చూసుకోవాలి. చాలావరకు కాంట్రాక్టు పనులు, జీతం తక్కువ, అదీ నెలనెలా రాదు. ఈ మాట దాచి పిల్లల్ని పంపడం నాకిష్టం లేదు. కంపెనీల్లో హెచ్ఆర్ వైపు వెళ్లేవాళ్లున్నారు. గ్రూప్స్, బ్యాంకులు లాంటి పరీక్షలకి ఏ డిగ్రీ అయినా డిగ్రీయే. సివిల్స్ మెయిన్స్‌లో సైకాలజీ ఆప్షనల్‌గా ఉంది.

ఇప్పుడు కొత్తగా తెరుచుకుంటున్నది బడులూ కాలేజీల వైపు. దాని వెనక విషాదం మనదే. విశాఖలో హాస్టల్లో ఉండి నీట్‌కి చదువుతున్న పదిహేడేళ్ల అమ్మాయి 2023లో చనిపోయింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పిస్తూ దేశమంతటికీ మార్గదర్శకాలు పెట్టింది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో, కోచింగ్ కేంద్రాలతో సహా, అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒక్కరైనా ఉండాలి. పిల్లల మానసిక ఆరోగ్యంలో వాళ్లకి శిక్షణ ఉండాలి. మన ఊళ్లో, చుట్టుపక్కల మండలాల్లో ఎన్ని బడులు, ఎన్ని కాలేజీలు ఉన్నాయో లెక్కపెట్టుకోండి. ఆ కుర్చీల్లో కూర్చోవలసినవాళ్లు ఇంకా తయారు కాలేదు. నీట్ రాసి రానివాళ్ల బాధ తెలిసినవాళ్లు ఆ కుర్చీలో కూర్చుంటే ఎంత మేలో నేను వేరే చెప్పనక్కర్లేదు.

తల్లిదండ్రులకి ఒక్క విన్నపం. ఎన్నిసార్లు రాయాలో మొదటిసారి రాసేముందే మాట్లాడుకోండి. ఫలితాల రోజు కాదు, ఆ రోజు ఎవరి బుర్రా పనిచెయ్యదు. ఒక కాగితం మీద రాసుకోండి: ఇన్నిసార్లు, ఇంత డబ్బు, తర్వాత ఇది. రెండోసారికీ మూడోసారికీ మధ్య మార్కులు ఎంత పెరిగాయో చూడండి. పిల్లలు చెప్పే రోజువారీ టెస్టుల మార్కులు కాదు, అసలు పరీక్షవి. ఇంటికి వచ్చే చుట్టాలు “ఏం చేస్తున్నావమ్మా ఇప్పుడు?” అని అడుగుతారు. “ఖాళీగా ఉంది” అని మీరు ముందు అందుకోకండి. సైకాలజీ చదువుతోంది, నీట్ రాస్తోంది, సెలవుల్లో ఆసుపత్రికి వెళ్తోంది. ఇందులో ఖాళీ ఎక్కడుంది?

పిల్లలూ, మీకు. నిద్ర పట్టక, తిండి సహించక, ఎవరితోనూ మాట్లాడాలనిపించక రెండు వారాలు గడిస్తే అది బద్ధకం కాదు. 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది. ఏ వేళలో చేసినా ఎత్తుతారు, డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఈ బడిలో ఎవరూ ఆ నంబరు రాసుకోకుండా బయటికి వెళ్లొద్దు. బోర్డు మీద రాయించమని మాస్టారిని అడిగాను, అదిగో రాస్తున్నారు.

భోజనాల తర్వాత పాత తొమ్మిదో తరగతి గదిలో, అదే నీళ్ల ట్యాంకు పక్కది, సాయంత్రం అయిదింటిదాకా ఉంటాను. మార్కుల మెమోలు, కౌన్సెలింగ్ కాగితాలు ఉన్నవాళ్లు పట్టుకురండి. పిల్లలతో కలిసి రండి, కానీ మొదటి పావుగంట వాళ్లతో నేను ఒంటరిగా మాట్లాడతాను, మీరు బయట వేపచెట్టు కింద కూర్చోవాలి. బెంచీలు వేయించమని సంఘం వాళ్లకి చెప్పాను.